కెప్టెన్ చెప్పిన చెరువు

భర్త పోయాక కూడా అతని ఫోను మోగుతూనే ఉంది. ఆమె దాన్ని వంటింటి అలమారలో, గ్లాసుల పక్కన పెట్టి తలుపు వేసేసింది. అయినా లోపల ఏదో పురుగు చిక్కుకుపోయినట్టు, అది ఉండుండి చెక్క మీద గుర్రుగుర్రుమనేది. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే మళ్ళీ మోగింది. విసుగొచ్చి తీసి చూసింది.

"కెప్టెన్ అన్నా, ఎక్కడున్నావు? ఫొటోలు రావడం లేదేం?"

ఈ కెప్టెన్ ఎవరో ఆమెకు కాసేపటిదాకా తట్టలేదు.

భర్త నీటి సరఫరా ఆఫీసులో పంపుల దగ్గర పనిచేసేవాడు. ఇంట్లో మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేవాడు. కూరలో ఉప్పెక్కువైతే ఆ మాట కూడా అనడు, ఇంకో గ్లాసు నీళ్ళు తాగి లేచిపోతాడు. సెలవురోజు మాత్రం పొద్దున్నే టోపీ పెట్టుకుని ఊరి చివరున్న వినోదాల పార్కుకు వెళ్ళేవాడు. అంత వయసొచ్చి పిల్లల ఆటలేమిటో అనుకునేది ఆమె. పెళ్ళయిన కొత్తలో ఒకసారి "నువ్వూ రాకూడదూ?" అని అడిగాడు. "అక్కడి ఆ పెద్ద చక్రం ఎక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి, మీరు వెళ్ళి రండి" అంది. అతను మళ్ళీ అడగలేదు. ఆమె కూడా ఆ సంగతి మళ్ళీ తలుచుకోలేదు.

ఫోన్లో అతనున్న గుంపు పేరు 'గోడవతల'. పార్కు వెనకగోడకు అవతల పెద్ద ఖాళీ స్థలం ఉంది. పార్కు కంపెనీ దాన్ని కొని, చుట్టూ పచ్చటి రేకులు కట్టేసింది. లోపల ఏం కడుతున్నారో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే వీళ్ళకు కావలసింది. లోపలికి వెళ్ళే లారీల్లో ఏముందో ఒకరు చూసొస్తే, మబ్బుల మీంచి ఉపగ్రహాలు తీసిన పటాలు ఇంకొకరు వెతికి పెట్టేవారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోని మనుషులు, రాబోయే ఆట ఏమిటో అని రోజూ కొట్టుకు చచ్చేవారు. వాళ్ళందరికీ ఆమె భర్త పెద్ద దిక్కు. ప్రతి సెలవురోజూ ఆ చక్రం, జెయింట్ వీల్, ఎక్కి, తను కూర్చున్న పెట్టె అన్నిటికన్నా పైకి వెళ్ళినప్పుడు రేకుల అవతలి ఫొటో తీసి పంపేవాడు. అక్కడ పడవలు తిరిగే చెరువు వస్తుందని అతని వాదన. అందుకే కెప్టెన్ అని పేరు పెట్టారు.

ఆమె పాత కబుర్లు వెనక్కి జరుపుకుంటూ చదివింది. రోజూ సాయంత్రం టీ గ్లాసు పక్కన పెట్టుకుని అదే పని. "అన్నా, ఆ మట్టికుప్ప కొండ అవుతుందంటావా?" అని ఎవరో అడిగితే "అది కొండైతే నా పొట్ట పర్వతం" అని రాశాడు. ఆమెకు కిసుక్కున నవ్వొచ్చింది. ఖాళీ ఇంట్లో తన నవ్వు తనకే వినబడి ఆపేసింది. తరవాత కోపం వచ్చింది. ఇంత హాస్యం లోపల పెట్టుకుని, తన మీద ఒక్క చుక్క చిలకరించలేదే! తన గురించి ఏమైనా రాశాడేమోనని వెతికింది. ఒక్కచోట దొరికింది. "మా ఇంట్లో ఇవి పట్టవులే. మీతో చెప్పుకుంటేనే నాకు సరదా."

ఆ రాత్రి ఆమె అన్నం పెట్టుకోలేదు.

మర్నాడు పనిలో ఉన్నా మనసంతా ఆ మాట మీదే ఉంది. ఆమె పళ్ళసెట్లు చేస్తుంది. దంతవైద్యుడి ఆసుపత్రి వెనక కిటికీలేని గది, ఒక బల్ల, ఒక దీపం, అచ్చులు పోసే సుద్దపొడి. గులాబిరంగు మైనం చిగుళ్ళలో ఒక్కొక్క పన్నూ గుచ్చి, వేడి చాకుతో సరిచేస్తూ పొద్దంతా గడుస్తుంది. ఎవరి నోళ్ళో ఆమెకు తెలియదు. ఆ నోళ్ళు ఆమెతో మాట్లాడవు. ఇంటికొచ్చాక ఫోను తీసి "ఆయన పోయారు" అని టైపు చేసింది. పంపడానికి వేలు రాలేదు. చెరిపేసి "ఒంట్లో బాగాలేదు. వచ్చే సెలవుకి ఫొటోలు పెడతాను" అని రాసింది.

అన్నమాట ప్రకారం వెళ్ళింది. చక్రం కదలగానే కళ్ళు గట్టిగా మూసుకుని, ఇనపకడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. పైకి వెళ్ళి పెట్టె ఆగింది. గాలి చెవుల్లో హోరుమంటోంది. ఒక కన్ను తెరిచింది. పచ్చరేకులు, వాటి వెనక ఎర్రమట్టి, బొమ్మల్లా లారీలు. ఒక చేత్తో కడ్డీ వదలకుండానే ఫొటో తీసింది. కిందికి దిగాక చెత్తడబ్బా పక్కన కాసేపు కూలబడి, నిలదొక్కుకుని, దాన్ని గుంపులో పెట్టింది.

"వచ్చాడోయ్ కెప్టెన్!"

"ఏమన్నా, ఫొటో వంకరగా ఉంది, మందు కొట్టి ఎక్కావా?"

"అన్నా, నువ్వు లేక బోసిపోయాం."

బస్సులో కూర్చుని ఆ మాటలు మళ్ళీ మళ్ళీ చదివింది. తను దిగాల్సిన స్టాపు దాటిపోయింది కూడా.

అప్పటినుంచి సెలవురోజు ఆమెకూ ఒక పని ఏర్పడింది. అతనిలా రాయడం నేర్చుకుంది. కాస్త వెటకారం, కాస్త బడాయి, చివర్లో చెరువు. గద్ద అనే అతను పల్టీలు కొట్టే రైలు వస్తుందంటాడు. తాతగారు అనే ఆయన మంచు కురిపించే మంచుగది అంటాడు. పిప్పరమెంటు అనే అమ్మాయి రోజుకో మాట మారుస్తుంది. ఆమె కెప్టెన్‌గా అందరితోనూ పోట్లాడేది. అతను ఎన్నడూ అడగనివి కూడా అలవాటుకొద్దీ అడిగేసేది. తిన్నావా? ఆ దగ్గు తగ్గిందా?

చక్రం మీంచి చూస్తే ఆమెకు మాత్రం చెరువు కనిపించలేదు. గోతులు వరసగా, ఒకే కొలతలో ఉన్నాయి, ఇనపచువ్వలు పైకి లేచి ఉన్నాయి. అవి గదుల పునాదుల్లాగే ఉన్నాయి. భర్త చెరువనుకున్నది వానకు నిలిచిన నీళ్ళయి ఉంటుంది. ఒకరోజు "నాకైతే గదులు కడుతున్నట్టుంది" అని రాసింది. పంపే ముందు ఆగింది. కెప్టెన్ చెరువన్నాడు. కెప్టెన్ మాట మార్చడు. చెరిపేసి "గట్టు వేస్తున్నారు, చూస్తూ ఉండండి" అని పంపింది.

ఒకరోజు ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, పొరపాటున అన్నయ్య నంబరు నొక్కాను. రింగయింది! గుండె ఝల్లుమంది. అదింకా ఎందుకు ఉంచావు?"

"పనుంది."

"పోయిన మనిషి ఫోనుతో ఏం పని వదినా? ఒక్కదానివీ అక్కడ ఏం చేస్తావు? వచ్చి నాలుగు రోజులు ఉండు."

"వస్తాలే" అంది. సెలవురోజు వదులుకుని ఎక్కడికి వెళ్ళగలదు?

ఇంతలో కంపెనీ కబురు చెప్పింది. కొత్త కట్టడం ఏమిటో ఫలానా రోజు పార్కు గేటు దగ్గర అందరి ముందూ బయటపెడతారట. గుంపులో పండగే. ఆ రోజు గేటు పక్కన నీళ్ళు చిమ్మే ఫౌంటెన్ గుంట దగ్గర అందరూ కలుద్దామన్నారు. "కెప్టెన్, ఈసారి తప్పించుకోలేవు. నువ్వు చెబుతుంటావే, ఆ టోపీ పెట్టుకుని రా, గుర్తుపడతాం" అని గద్ద రాశాడు.

ఏదో సాకు చెప్పి మానేయవచ్చు. ఆ రోజు పొద్దున్నదాకా మానేద్దామనే అనుకుంది. కానీ వాళ్ళు పిలిచింది భర్తని. అతని తరఫున వెళ్ళడానికి తను తప్ప ఎవరున్నారు?

గుంట దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. చొక్కాలకు 'గోడవతల' అని రాసిన కాగితాలు గుచ్చుకున్నారు. మందులషాపులో పనిచేసే సన్నటి కళ్ళజోడు మనిషి గద్ద. నర్సు చదువుతున్న అమ్మాయి పిప్పరమెంటు. రైల్లో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన తాతగారు. వాళ్ళు మాట్లాడుకుంటుంటేనే ఆమెకు ఎవరెవరో తెలిసిపోయింది. పక్క బెంచీ మీద కూర్చుంది. టోపీ పెట్టుకున్న ప్రతి మగమనిషినీ వాళ్ళు తేరిపార చూస్తున్నారు.

"లావుగా ఉంటాడు, పందెం" అన్నాడు గద్ద.

"పొట్ట పర్వతమని తనే చెప్పాడుగా" అంది అమ్మాయి.

అతను బక్కపలచటి మనిషి. ఆ మాట చెబుదామని ఆమె నోటిదాకా వచ్చింది.

గేటు దగ్గర బాకా ఊదారు. పెద్ద బోర్డు మీది గుడ్డ లాగేశారు. పార్కుకి వచ్చేవాళ్ళు రాత్రి ఉండటానికి హోటలు. వరసగా గదులు, కిటికీలు, తెల్లటి పరుపులు. జనం చప్పట్లు కొట్టారు.

"హోటలా!" అన్నాడు గద్ద. "రైలూ లేదు, పడవా లేదు. పడుకోవడానికి పరుపులట!"

తాతగారు పగలబడి నవ్వాడు.

"కెప్టెన్ ముఖం చూడాలి ఇప్పుడు" అన్నాడు గద్ద. "ఎన్నాళ్ళు దంచాడు, చెరువు చెరువు అని. అందుకే ముఖం చాటేశాడు."

ఆమె లేచి నిలబడింది. నిలబడ్డాక ఇక ఆగలేకపోయింది.

"ఆయన ముఖం చాటేయలేదండీ. ఆయన పోయారు. నేను ఆయన భార్యని."

ముగ్గురూ ఆమెవైపు తిరిగారు. ఎప్పుడు అని అడిగింది అమ్మాయి. చెప్పింది. అప్పటినుంచీ ఫొటోలు తీసిందీ, జవాబులు రాసిందీ తనేనని కూడా చెప్పింది. గద్ద కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అయితే నాకు జ్వరం వచ్చి పడుకున్నప్పుడు రోజూ పలకరించింది..."

"నేనే."

"నా పెళ్ళి చెడిపోయిన సంగతి గుంపులో కాకుండా విడిగా ఆయనకు రాసి చెప్పుకున్నాననుకున్నాను. ఇంకెవరికీ చెప్పలేదు నేను. మా అమ్మకు కూడా!" కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "మీరు చదివారన్నమాట."

"చదివాను బాబూ. ఎవరికీ చెప్పలేదు."

"అది కాదండీ" అన్నాడు. ఏది అవునో చెప్పలేదు. చొక్కాకున్న కాగితం పీకి జేబులో కుక్కుకుని, జనంలోకి నడిచి వెళ్ళిపోయాడు.

తాతగారు ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టాడు. "నాకు అనుమానం వస్తూనే ఉందమ్మా" అన్నాడు. "వాడు ఎవర్నీ తిన్నావా అని అడిగే రకం కాదు. మనిషి మారాడు, వయసొస్తోంది, మంచిదే అనుకున్నాను." మళ్ళీ తనే "మంచివాడమ్మా" అన్నాడు.

చక్రం ఎక్కుదామంది అమ్మాయి. ముగ్గురూ ఎక్కారు. పెట్టె పైకి వెళ్ళి ఆగింది. కింద పునాదుల మీద స్తంభాలు లేస్తున్నాయి. ఎవరూ ఫొటో తీయలేదు.

"ఆంటీ, మీరేమనుకున్నారు?" అంది అమ్మాయి. "కెప్టెన్ సంగతి కాదు. మీకు ఏం వస్తుందనిపించింది?"

ఆ ప్రశ్న తనని ఇంతవరకూ ఎవరూ అడగలేదని ఆమెకు అప్పుడు తోచింది.

"గదులనుకున్నాను. చాలా రోజులనుంచీ."

"మరి చెప్పలేదేం?"

"ఆయన చెరువన్నారు కదమ్మా."

అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. చక్రం కదిలి కిందికి దిగేదాకా అలాగే పట్టుకుని ఉంది. గేటు బయట ముగ్గురూ మూడు బస్సులెక్కారు.

ఇంటికొచ్చేసరికి, అమ్మాయి కబురు చెప్పినట్టుంది, గుంపు నిండా సంతాపాలు. ఎక్కడెక్కడి వాళ్ళో రాశారు. ఒకతను కెప్టెన్ మాటలకు నవ్వే ఆసుపత్రిలో రోజులు గడిపానన్నాడు. ఆమె అన్నీ చదివింది. జవాబు ఎవరి పేరున రాయాలో తెలియక ఊరుకుంది. కొన్నాళ్ళకు మాటలు సద్దుమణిగాయి. తరవాత ఒక పొద్దున్న పనిలో ఉండగా అదే తెరమీద ఒక చిన్న వరస కనిపించింది.

'గద్ద కెప్టెన్‌ను తొలగించారు.'

కూర్చున్న కుర్చీ ఎవరో లాగేసినట్టయింది ఆమెకు. భర్త పోయిన రోజు రాని ఏడుపు, చుట్టాల మధ్య రాని ఏడుపు, పళ్ళసెట్ల బల్ల ముందు వచ్చింది. చేతిలో మైనం గట్టిపడిపోయింది. డాక్టరు తలుపు దగ్గరికొచ్చి, చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

ఆ వారమే గద్ద నుంచి విడిగా ఒక ముక్క వచ్చింది, కెప్టెన్ నంబరుకే. "కోపంతో తీసేయలేదండీ. ఆ పేరు మీద మీరు మాట్లాడుతుంటే నావల్ల కాదు. మీ సొంత నంబరు ఇస్తే కలుపుతాను. ఇష్టమైతేనే." ఆమె రెండురోజులు ఆలోచించి ఇచ్చింది. పేరు ఏం పెట్టుకుంటారని అడిగితే ఏదీ తోచలేదు. ఖాళీగా వదిలేసింది.

గుంపులో ఇప్పుడు కొత్త రగడ నడుస్తోంది. హోటలు సరే, దాని వెనక మిగిలిన మూల ముక్కలో ఏం వస్తుంది? ఆమె కొన్నాళ్ళు ఊరికే చదివింది. వెటకారం రాయబోతే అది భర్త గొంతులాగే వినిపించి చెరిపేసేది. చివరికి ఒక మధ్యాహ్నం, సుద్ద అచ్చులు ఆరేలోగా, తనకు తోచింది తోచినట్టు రాసింది. "అక్కడ చెట్లు కొట్టలేదు. చిన్నపిల్లలకు నీడలో ఆడుకునే చోటు కడతారేమో."

చాలాసేపు ఎవరూ పలకలేదు. ఆమె అచ్చులు విప్పింది, గరుకు అరగదీసింది, బల్ల తుడిచింది. ఫోను బల్ల మీదే, తెర పైకి పెట్టి ఉంచింది. ఇంటికి బయల్దేరి దీపం ఆర్పబోతుంటే తాతగారి మాట వచ్చింది.

"అస్సలు కాదమ్మా. అక్కడ మంచుగదే. రాసిపెట్టుకో."

ఆమె దీపం ఆర్పకుండా మళ్ళీ కుర్చీలో కూర్చుని, ఎందుకు కాదో ఆయనకు రాయడం మొదలుపెట్టింది.