మొదటి జత ఎవరిది

మా బకన్ ప్రాంతంలో గుర్రాలతో దున్నడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. పొద్దున్నే గుర్రపుసాలలోంచి మొదటివాడు తన గుర్రాల జతతో బయటికొస్తాడు. అతని వెనకే రెండోవాడు, మూడోవాడు. ఆ వరస తప్పడమంటే పరువు పోయినట్టే. మా పొలంలో మొదటి జత సాండర్ మచ్‌ది, రెండోది నాది.

మేమిద్దరం గుర్రాలవాళ్ల రహస్య సంఘం మనుషులం. గుర్రాన్ని నిలబెట్టే విద్య, కదిలించే విద్య రెండూ వచ్చు. పెళ్లాలు అడిగితే సైతాను నేర్పాడంటాం. నిజానికి అదంతా వాసనల మహిమ. ఇంతకు మించి చెప్పను.

మచ్‌కి మోకాలు వాచింది. కొత్త పెత్తందారు రెట్టీ ఆయన్ని ఆవుల కొట్టంలో పేడ ఎత్తమని పంపేసి, మొదటి జతను తన మేనల్లుడు ఆర్చీకి ఇచ్చాడు. మచ్ పార పట్టుకుని వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మర్నాడు అందరికంటే ముందే వెళ్లి, గుర్రాలకు గిట్టని సరుకు సాల గుమ్మానికి పూశాను.

ఆర్చీ పగ్గాలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. గుర్రాలు కాళ్లు తన్నిపెట్టి నిలబడిపోయాయి. రెట్టీ కొరడా ఎత్తాడు.

"దించు మావయ్యా!" అని అరిచాడు ఆర్చీ. గుమ్మాన్ని వేలితో రుద్ది, వాసన చూసి, నా వంక చూశాడు. వీడూ మావాడే! వాడి చెయ్యి జేబులోకి వెళ్లింది. మేమంతా దాచుకునే నూనె సీసా తల బయటపడింది. రెండు చుక్కలు చాలు, గుర్రాలు వాడి వెంట వచ్చేస్తాయి, మచ్ బతుకు పేడలోనే తెల్లారిపోతుంది.

ఆర్చీ సీసాను మళ్లీ లోపలికి తోసేశాడు.

"నా వల్ల కాదు మావయ్యా. మచ్ గారిని పిలువు."

"ఊరంతా డప్పు కొట్టుకున్నావు కదరా, గుర్రాలవాణ్ణని!" అని గదిమాడు రెట్టీ.

పాలు పితికే పిల్లలు పకపకా నవ్వారు. ఆర్చీ చెవులు ఎర్రబడ్డాయి.

మచ్ పేడ బూట్లతోనే కుంటుకుంటూ వచ్చాడు. గుమ్మాన్ని గుడ్డతో తుడిచి, అరచెయ్యి గుర్రాల మూతికి పెట్టి, బయటికి నడిపించాడు. నన్ను దాటుతూ, "ఇది నీ పనే కదూ గౌల్డ్? నా గుర్రాలను హడలగొట్టావు, సిగ్గులేదట్రా!" అని గొణిగాడు. రెట్టీ మొహం మాడ్చుకుని, "నీ జత నువ్వే ఏలుకో," అన్నాడు.

మధ్యాహ్నం ఓట్స్ జావ తాగుతూ ఆర్చీని అడిగాను. "సీసా ఉండీ ఎందుకురా నవ్వులపాలయ్యావు?"

"మచ్ గారే జతను వదులుకున్నారని చెప్పాడు మావయ్య. గుమ్మం వాసన చూశాకే తెలిసింది, మనవాళ్లెవరో అడ్డుపడుతున్నారంటే ఆయన్ని తోసేశారన్నమాటేనని. మనవాడి జతను నేనెలా తీసుకుంటాను, అన్నా?"

వాడికి మూడో జత ఇచ్చారు. తిరిగి బయల్దేరేటప్పుడు మచ్ ముందు నడిచాడు. నేను నా జతను పక్కకు లాగి, "నువ్వు నడువు," అన్నాను ఆర్చీతో.

వాణ్ణి చూసి మళ్లీ నవ్వబోయిన పాలు పితికే పిల్లలు ఆగిపోయారు. జన్మలో నా వరస ఎవరికీ వదల్లేదు. ఆ రోజు వాడి వెనక తలెత్తుకుని నడిచాను.