నీటి కింద మనిషికి ఏ గడియారం?

ప్రతి పనికీ దాని గడియారం వేరు. మా హాపాయ్ దీవుల ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. చాపలు అల్లే ఆకు సముద్రంలో నానేస్తే ఆదివారాలు లెక్క పెట్టుకుంటాం. గుంట పొయ్యిలో పంది మాంసం కప్పి చర్చికి వెళ్తే, తిరిగొచ్చేసరికి ఉడుకుతుంది. పాస్టరు గారు ప్రసంగం సాగదీస్తే మాడుతుంది, ఆ పాపం ఆయనదే. పసిదానికి జ్వరం మందు మాత్రం ఫోను మోగితేనే పోస్తాను. అక్కడ ఎవరి మాటా వినను.

మా మామగారు పెనిసిమానికి ఇవేవీ పట్టవు. చర్చిలో పాటల బృందాన్ని నడిపించే మనిషి, అన్నిటికీ కీర్తనే కొలత. నా మొగుడి పేరు సతేకి. అతను గాలి పైపు నోట కరుచుకుని సముద్ర దోసకాయలనే మెత్తటి జీవుల కోసం దిగినా అంతే. పడవలో పైపులోకి గాలి కొట్టే మోటారు పక్కన కూర్చుని, అతనికి కట్టిన తాడు చేత్తో పట్టుకుని, ఒక పొడుగాటి కీర్తన ఎత్తుకుంటారు. రెండుసార్లు పాడటం అయితే తాడు లాగాలి. లోతులో ఎక్కువసేపు ఉన్నవాడు ఒక్కసారిగా పైకొస్తే కాళ్లు చచ్చుపడతాయి. అలా మంచాన పడ్డ సియోసి మా పక్కింట్లోనే ఉన్నాడు. అందుకే పైకొచ్చే దారిలో, తాడుకు ఎర్ర గుడ్డ కట్టిన చోట, కాసేపు ఆగి రావాలి.

అత్తగారు పోయాక ఆ రోజే మొదటిసారి పడవెక్కాం. మామగారు నల్లబట్టలతో, ఇంట్లో చావు జరిగితే మావాళ్లు కట్టే చిరిగిన చాప నడుముకు చుట్టుకునే వచ్చారు. నేను ఫోనులో అలారం పెట్టి, తడవకుండా ప్లాస్టిక్ డబ్బాలో వేశాను.

"ఏమ్మా మెలియానే, మీ ఆయనేమన్నా పంది మాంసమా, గంట చూసుకుని గుంటలోంచి తియ్యడానికి?" అన్నారు మామగారు.

"మీ పాటకీ నా ఫోనుకీ పందెం మామయ్యా. ఎవరు ముందు పిలుస్తారో చూద్దాం."

"ఎవరో ఒకరు పిలవండి చాలు. మీ పందెంలో నన్ను చంపకండి" అంటూ సతేకి నీళ్లలోకి జారాడు.

నేను పడవ రెండో కొసన కూర్చుని, పొద్దున ఒడ్డు దగ్గర ఏరిన దోసకాయలను కోసి శుభ్రం చేస్తున్నాను. మోటారు రొదలో ఏమీ వినపడదు, మామగారి పెదవులు కదలడం మాత్రం కనిపిస్తోంది. అత్తగారిని మట్టిలో పెట్టినప్పటి కీర్తనే పాడుతున్నారని పెదవులను బట్టి తెలిసింది. పాడుకోనీలే అనుకున్నాను.

కాసేపటికి తలెత్తితే ఎదురుగా ఉండాల్సిన చర్చి గోపురం లేదు. నా వీపు వెనక ఉంది. పడవ లంగరు మీద తిరిగిపోయింది. అంటే పోటు అయిపోయి ఆటు పట్టింది. నీరు తిరగకముందే సతేకిని పైకి తేవాలనుకున్నాం!

డబ్బా తెరిచాను. అలారం మోగి మోగి ఊరుకుంది. ఆ రొదలో వినపడితేగా!

ఆయన దగ్గరికి పాకి చెవిలో అరిచాను. "మామయ్యా! ఎన్నోసారి పాడుతున్నారు?"

ఆయన పెదవులు ఆగిపోయాయి. నా వంక చూశారు, చేతిలో తాడు వంక చూశారు. "తెలీదమ్మా" అన్నారు.

తాడు రెండుసార్లు లాగాను, పైకి రమ్మని. జవాబు లేదు. మళ్లీ లాగితే కింద బరువుగా ఏదో కదిలింది. మామగారు గబగబా తాడు గుంజబోయారు. పెద్దాయనని కూడా చూడకుండా చేతి మీద కొట్టాను.

"లాగకండి! మనమే చంపినట్టవుతుంది!"

సతేకి పైకొస్తున్న కొద్దీ తాడు మెల్లగా పోగుచేశాను. ఎర్ర గుడ్డ కట్టిన ముడి చేతికి తగలగానే ఒక్కసారి గట్టిగా గుంజాను. ఆగు, అని. ఈసారి చెవులను నమ్మదలుచుకోలేదు. ఫోనులో ఆగాల్సిన నిమిషాలు పెట్టి ఒళ్లో ఉంచుకుని, అంకెలు తగ్గుతుంటే రెప్ప వేయకుండా చూశాను.

కింద నుంచి రెండు లాగులు. వస్తున్నానంటాడు. నేను ఒకటి లాగాను. మళ్లీ రెండు, ఈసారి కోపంగా.

"వాడు పిలుస్తున్నాడే! రానియ్యి!"

"పిలవనీండి."

మోటారు ఒకసారి దగ్గింది. పెట్రోలు అయిపోవస్తోంది. మామగారు కంగారుగా పెట్రోలు డబ్బా వంచారు. సగం పడవలోనే ఒలికింది, సగం లోపల పడింది. మోటారు మళ్లీ అందుకుంది. అంకెలు మాత్రం తగ్గవేం దేవుడా!

సున్నా వచ్చాకే రానిచ్చాను. సతేకి పడవ అంచు పట్టుకుని పైపు ఊసేశాడు. పెదవులు నల్లబడ్డాయి.

"ఏమే! చలికి కొయ్యబారిపోతుంటే అలా వేలాడదీశావేంటే?"

"కాళ్లు కదుపు."

"ఏంటి?"

"ముందు కాళ్లు కదుపు!"

పైకెక్కి కూర్చుని కదిపాడు. వేళ్లు ముడిచాడు, చాపాడు. నాకు ఏడుపు ఆగలేదు. మోటారు ఆపేశాను.

ఆ నిశ్శబ్దంలో మామగారు నెమ్మదిగా అన్నారు. "ఆఖరి చరణం దాకా వచ్చి మళ్లీ మొదటికి పోయానమ్మా. ఎన్నిసార్లో. అది పూర్తిచేస్తే మీ అత్తను ఇంకోసారి పూడ్చినట్టు ఉంటోంది."

సతేకి తల దించుకున్నాడు. నాకు జాలేసింది, కోపమూ పోలేదు. ఆయన మళ్లీ తాడు అందుకోబోతే తీసేసుకున్నాను.

"ఎంతసేపైనా పాడుకోండి మామయ్యా. ఒడ్డున కూర్చుని నేనూ మీతో పాడతాను. అత్తయ్య పోయింది. మా ఆయన ఇంకా ఉన్నాడు."