హర్‌బన్స్ కౌర్‌కి సన్మానం

మా తెలుగు సంఘానికి మైకు దొరికితే చాలు, వినేవాళ్ళు బతికున్నారో లేదో కూడా అక్కర్లేదు. కోపంగానే అంటున్నాను. ఆ రోజు మైకు పట్టుకున్నది నేనే.

సిడ్నీకి ఉత్తరాన, బస్సులో ఆరు గంటల దూరంలో వెల్టన్ క్రీక్ అనే పాత ఊరుంది. నూరేళ్ళ కిందట అరటి తోటల్లో కూలికి వచ్చిన పంజాబీలు అక్కడే ఉండిపోయారు. వాళ్ళలో ఒకాయన పగలంతా గెలలు మోసి, సాయంత్రం పద్యాలు కట్టేవాడు. ఊరి హాల్లోకి తెల్లవాళ్ళని తప్ప ఎవరినీ రానివ్వని రోజులు. హాలు వెనక మెట్ల మీద కూర్చుని తోటి కూలీలకి వినిపించేవాడు.

ఆయన కూతురు హర్‌బన్స్ కౌర్‌కి ఎనభై ఎనిమిదేళ్ళు. నాన్న పద్యం ఒక్కటి ఆ హాలు లోపల, వేదిక మీద చదవాలని ఆవిడ కోరిక. వచ్చే నెల హాలు హోటలువాళ్ళ చేతికి పోతోంది. ఇదే ఆఖరి సభ.

అందులో మాకేం పని? మా వార్షిక నివేదికలో ‘ఇతర భాషలవారితో కలిసి’ అన్న గడి ఖాళీగా ఉంది. అందుకని మా అధ్యక్షుడు రాజారావు గారు సౌండ్ సిస్టమ్, శాలువాలు మావేనని చెప్పి, సిడ్నీలో మేముండే పెండిల్ హిల్ నుంచి ఒక బస్సు నింపుకొచ్చారు. పంజాబీలు మర్యాదస్తులు, పాపం సరేనన్నారు.

హాలు మూడు నుంచి ఐదు వరకే. మొదట జ్యోతి ప్రజ్వలన. మంట కూడదని కేర్‌టేకర్ అంటే, బ్యాటరీ దీపం వెతికి తెచ్చి మరీ వెలిగించారు. తర్వాత వేదిక మీదికి పిలుపులు: కోశాధికారి, ఉప కోశాధికారి, మాజీ కోశాధికారి. ఒక్కొక్కరినీ ‘సాహితీ పిపాసి’ అని నేనే పిలిచాను. కరెంటు బిల్లు తప్ప ఇంకేదీ చదివిన పాపాన పోలేదు వాళ్ళు. ఆ పైన రాజారావు గారు కవిత్వం గొప్పతనం గురించి నలభై నిమిషాలు ఊదరగొట్టారు.

ఐదుకి పావుగంట ముందు హర్‌బన్స్ కౌర్‌ని పిలిచాం. నీలం దుపట్టా సర్దుకుని, చేతిలో మడత కాగితంతో ఆవిడ మెల్లగా వేదిక ఎక్కింది. రాజారావు గారు శాలువా కప్పారు. దండ వేశారు. కాగితం ఉన్న చేతిలోనే జ్ఞాపిక పెట్టి, కెమెరా వైపు తిప్పి, మోచెయ్యి పట్టుకుని దింపేశారు.

మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, “సార్, ఆవిడ చదవాలి కదా?” అన్నాను.

“సన్మానం అయిపోయిందిగా అండీ, ఇంకేం కావాలి? వోట్ ఆఫ్ థాంక్స్ అనౌన్స్ చేసెయ్యండి, టైమ్ లేదు,” అన్నారాయన.

చేసేశాను. వందన సమర్పణ పన్నెండు నిమిషాలు సాగింది. ఐదింటికి కేర్‌టేకర్ లైట్లార్పి తాళం వేశాడు.

బయటికొచ్చాక హాలు వెనక నుంచి ఎవరిదో గొంతు వినపడి వెళ్ళాను. హర్‌బన్స్ కౌర్ మా శాలువా మడిచి మెట్టు మీద వేసుకుని, దాని మీద కూర్చుని చదువుతోంది. నలుగురైదుగురు పంజాబీలు నిలబడి వింటున్నారు. వాళ్ళ నాన్న కూర్చున్న మెట్లే అవి. ఆయన్ని ఆ కాలంవాళ్ళు గుమ్మం దగ్గరే ఆపారు. ఈవిడని మేం వేదిక దాకా పిలిచి ఆపాం. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

“శ్యామసుందరి గారూ, గ్రూప్ ఫొటో! అందరూ మీకోసమే వెయిటింగండీ!” అని ముందు నుంచి రాజారావు గారు కేకేశారు.

పద్యం ఇంకా సగంలోనే ఉంది. వెళ్ళాను.

ఆ ఫొటో నివేదికలో అచ్చయింది. మధ్యలో నిలబడి నవ్వుతున్నది నేనే.