శాంపిల్‌కి ఒక్క లైను

అమీర్‌పేటలో అప్పటికి ఖాళీ గోడ అనేది మిగల్లేదు. కంప్యూటర్ కోర్సుల పేర్లు లేని చోటు ఎక్కడైనా ఉంటే అక్కడ హాస్టళ్ళ పేర్లు ఉండేవి. ఇన్‌స్టిట్యూట్లు మూడో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకి, అక్కడి నుంచి డాబా మీది రేకుల షెడ్డుకి పాకుతున్న రోజులవి. ఏడాది తిరిగితే రెండువేల సంవత్సరం వస్తుందనీ, కంప్యూటర్లన్నీ తికమకపడతాయనీ, వాటిని సరిచేయడానికి ప్రపంచమంతా మనవాళ్ళనే పిలుస్తుందనీ అందరూ నమ్మారు. ఆ నమ్మకాన్ని రంగుల్లో రాసి గోడకెక్కించేవాళ్ళలో నిరోష ఒకతె.

నిరోషది సిరిసిల్ల. మగ్గాలు ఆగిపోయి ఇల్లు గడవక, తండ్రి ఆమెను బల్కంపేటలో ఉన్న తన అన్న ధర్మయ్య దగ్గరికి పంపాడు. ధర్మయ్య బోర్డులు రాస్తాడు. నాలుగేళ్ళలో నిరోష చేయి ఆయన చేతిని మించిపోయింది. అయినా ఆమె ఏ బోర్డు రాసినా కింద మూలన "ధర్మా ఆర్ట్స్" అనే ఉండేది. ఆర్డరు ఎవరు తెస్తే పేరు వాళ్ళది. అది ఆ పనిలో కట్టుబాటు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒకరి సంతకం మీద ఇంకొకరు బ్రష్ పెట్టరు. బోర్డు పాతబడి తిరిగి రాయాల్సి వస్తే, పాత ఆర్టిస్టును పిలిచి అతని పేరు అతని చేతే తీయిస్తారు.

"నీ అంతట నువ్వు ఆర్డర్ తెచ్చుకో బిడ్డా, నీ పేరే రాసుకో. నేనేమన్న అడ్డమొస్తనా?" అన్నాడు ధర్మయ్య ఒకసారి. అన్న సంగతి ఆయన మరిచిపోయాడు. నిరోష మరవలేదు. మెయిన్ రోడ్డు మీద ఒక్క బోర్డు, దాని మూలన తన పేరు. ఆమెకు కావలసింది అంతే.

అందుకే పెదనాన్నకు చెప్పకుండా కృష్ణమోహన్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన భీమవరం నుంచి వచ్చి కొత్తగా ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. డాబా మీద ఇరవై అడుగుల రేకు నీలం రంగు పూసుకుని గోడకు ఆని ఉంది. దాని మీద అప్పటికే నాలుగు లైన్లున్నాయి, నాలుగు రకాల చేతిరాతల్లో.

"ఇవేంది సార్?"

"శాంపిళ్ళమ్మా. ఎవరిదీ నచ్చలేదు. నువ్వూ ఓ లైను రాసి చూపించు. నచ్చిందంటే బోర్డు మొత్తం నీదే. మూలన నీ పేరు వేసుకో, నాకేంటి అభ్యంతరం?"

"ఏం రాయమంటరు?"

"ఒరాకిల్ రాయి." చేతిలో కాగితం చూసుకుని నాలుక్కరుచుకున్నాడు. "కాదు కాదు, అది అయిపోయింది. విజువల్ బేసిక్ రాయి."

ఆ 'అయిపోయింది' దగ్గర నిరోష ఆగాల్సింది. కానీ అప్పటికే ఆమె తన పేరు ఏ రంగులో రాయాలా అని ఆలోచిస్తోంది. పైనున్న లైన్లు ఎవరి చేతివో కూడా చూడలేదు.

పొద్దున మొదలుపెట్టిన లైను మధ్యాహ్నం దాకా పట్టింది. కృష్ణమోహన్ గారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని తన బాధ చెప్పుకున్నాడు.

"ఏం పిల్లలమ్మా ఈ కాలం పిల్లలు! మూడు రోజులు డెమో క్లాసు ఫ్రీ అంటాం కదా. ఇక్కడ మూడు రోజులు, పక్క సందులో మూడు రోజులు, ఎదుటి బిల్డింగులో మూడు రోజులు. రూపాయి కట్టకుండా కోర్సంతా పూర్తి చేసేస్తున్నారు! సిగ్గుండక్కర్లా? పాఠం చెప్పేవాడికి కడుపుండదా?"

"నిజమే సార్," అంది నిరోష, అక్షరాలకు తెల్లటి నీడ దిద్దుతూ. కింది గదిలోంచి ఎవరో గొంతు చించుకుని పాఠం చెబుతున్నారు. "ఆ చెప్పేటాయన ఎవరు?"

"ప్రమోద్ అని కొత్త కుర్రాడు. ఆయనదీ డెమోనే. ఓ నెల చెప్పమన్నాను, చూద్దాం."

లైను పూర్తయ్యాక ఆయన తల అటూ ఇటూ వంచి చూశాడు. "బానే ఉంది. నేనే కబురు పెడతాలే."

వారం గడిచింది. కబురు లేదు. ఆ సోమవారం పెదనాన్న, తను పంజాగుట్టలో చీరల షాపు బోర్డు రాయడానికి బస్సులో పోతుంటే అమీర్‌పేట చౌరస్తాలో బస్సు ఆగింది. కిటికీలోంచి నీలం బోర్డు కనిపించింది. మొదటి అంతస్తు పిట్టగోడకు బిగించారు. ఎనిమిది కోర్సులు, ఎనిమిది చేతిరాతలు. అడుగున పసుపు రంగులో "డైరెక్టర్: కృష్ణమోహన్, ఎం.సి.ఎ."

నిరోష పెదనాన్న చేయి పట్టుకుని బస్సు దింపేసింది.

"పెద్దబాపూ, ఆ ఐదో లైను నాది," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు చెప్పకుంట రాసిన."

ధర్మయ్య తిడతాడనుకుంది. ఆయన బోర్డు పైవైపు వేలు చూపించాడు.

"మొదటిది నాది బిడ్డా."

"నీదా?"

"ముప్పై ఏండ్ల సంది రాస్తున్న. నన్ను సుత శాంపిల్ అడిగిండు. నీకు చెప్పనీకె సిగ్గయింది."

"మరి రెండోది?"

"రాజనర్సయ్యది. గా వంకర చూస్తె తెలుస్తలేదా? నచ్చకపోతె పాయె, రాసిందయితె వాడుకుంటుండు చూడు!"

నిరోష కళ్ళు తుడుచుకుంది. పక్కనున్న హాస్టల్ వాచ్‌మన్‌ని అడిగి నిచ్చెన తెచ్చి వేసింది. ధర్మయ్య కంగారుపడ్డాడు.

"ఏయ్ పోరీ, శాంపిల్‌కు పేరు రాయొద్దే!"

"గోడకెక్కినంక శాంపిల్ ఎట్లయితది పెద్దబాపూ? గిది బోర్డే."

తన లైను చివర చిన్న అక్షరాలతో "నిరోష" అని రాసింది. ధర్మయ్య గడ్డం గీరుకున్నాడు. "జర ఆ బ్రష్ ఇటియ్యి," అన్నాడు.

కబురు సాయంత్రానికి సనత్‌నగర్ దాకా పాకింది. రెండు రోజుల్లో ఎనిమిది లైన్లకూ ఎనిమిది పేర్లు వచ్చాయి. రాజనర్సయ్య పేరుతో పాటు తన పక్కింటి ఫోన్ నంబరూ వేశాడు. ఎనిమిదో అతని పేరు కోర్సు పేరుకన్నా పెద్దగా ఉంది. ఫీజు కట్టడానికి వచ్చిన ఒక తండ్రి, ఇది కంప్యూటర్ సెంటరా, పెయింటర్ల సంఘమా అని అడిగి వెనక్కి వెళ్ళిపోయాడు.

కృష్ణమోహన్ గారు పేర్లు చెరపడానికి వేరే పెయింటర్లను నలుగురిని పిలిపించాడు. నలుగురూ వచ్చారు, చూశారు, వెళ్ళిపోయారు. చివరికి నిరోషకు కబురు పెట్టాడు. ఆమెతో ధర్మయ్య కూడా వచ్చి కింద నిచ్చెన పట్టుకున్నాడు. డెమో క్లాసు పిల్లలు మెట్ల మీద గుమిగూడారు.

"కొత్త బోర్డు మొత్తం నీకే ఇస్తున్నానమ్మా. అడ్వాన్సు ఇప్పుడే తీసుకో. మూలన నీ ఒక్కదాని పేరే ఉంటుంది. ముందు ఈ పేర్లు చెరిపెయ్."

నాలుగేళ్ళుగా ఆమె అడగాలనుకున్నవన్నీ ఆయన ఒక్క ఊపిరిలో ఇచ్చేశాడు. నిరోష నీలం డబ్బా పట్టుకుని నిచ్చెనెక్కింది. మొదటి లైను చివర ధర్మయ్య సంతకం ఉంది. ఆయన చేయి వణికిన చోట అక్షరం పక్కకు ఒరిగింది. ఆమె బ్రష్ ఎత్తలేకపోయింది.

"నాతోని కాదు సార్."

"కాదంటే ఎలాగమ్మా? పోనీ, ముందు శాంపిల్‌కి ఒక్క పేరు చెరిపి చూపించు. నీట్‌గా వస్తే మిగతావి మాట్లాడుకుందాం."

నిరోష నిచ్చెన మీది నుంచి ఆయన్ని చూసింది. "ఏదన్న ఒక్క పేరేనా సార్?"

"ఏదైనా ఒక్కటే."

ఆమె రెండు మెట్లు దిగింది. చేయి చాపి, బ్రష్ నిండా నీలం తీసుకుని, అడుగున ఉన్న డైరెక్టర్ గారి పేరు మీద ఈ చివర నుంచి ఆ చివరికి పూసేసింది.

"ఏయ్! ఏయ్! అది నాది!"

మెట్ల మీద పిల్లలు ఈలలు వేశారు.

"దిగు బిడ్డా, జల్ది దిగు," అంటున్నాడు ధర్మయ్య కింద. ఆయన నవ్వుకి నిచ్చెన ఊగుతోంది.

నిరోష దిగలేదు. ఒక్క పూతకు పసుపు అక్షరాలు నీలం అడుగు నుంచి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పని సగంలో వదలడం ఆమెకు అలవాటు లేదు. బ్రష్ మళ్ళీ డబ్బాలో ముంచింది.