ఖాళీ కుర్చీలో టైపింగు

బంగారయ్యగారు అల్లవరం రోడ్డులో డిగ్రీ కాలేజీ పెట్టి అప్పటికి రెండేళ్లు. కొబ్బరికాయల వ్యాపారంలో ఉన్నంతకాలం ఆయన కాయ ఊపి, లోపల సరుకెంతో చెప్పేసేవారు. పిల్లల్ని అలా ఊపి చూడటం కుదరదు కాబట్టి ఫీజు కట్టినవాళ్లందరినీ చేర్చేసుకున్నారు. కంప్యూటర్ కోర్సుకి కంప్యూటర్లు కూడా ఉండాలన్న సంగతి 2002లో యూనివర్సిటీ తనిఖీకి వస్తోందని తెలిసేదాకా ఆయనకి తట్టలేదు. ల్యాబ్ టీచరు జ్యోతిర్మయి అంతవరకూ నల్లబోర్డు మీద కీబోర్డు బొమ్మ గీసి పాఠం చెప్పుకొచ్చింది.

తనిఖీ దగ్గరపడ్డాక రాజమండ్రి నుంచి వ్యానులో కంప్యూటర్లు దిగాయి. అద్దెకి. తనిఖీ అయిపోగానే మళ్లీ ఎక్కించెయ్యాలి.

"పిల్లలు ఇంతవరకూ కీ ఒక్కటి నొక్కి ఎరగరండీ. రేపు తనిఖీకొచ్చినాయన ప్రోగ్రాం రాయమంటే ఎవరు రాస్తారండీ?" అంది జ్యోతిర్మయి.

"నువ్వే రాస్తావు. నాటకాల్లో చూళ్లేదా అమ్మా? తెరవెనక ఒకడు పద్యం ఎత్తుకుంటాడు, స్టేజీ మీద వేషగాడు నోరాడిస్తాడు. ఈ మిషన్లలో అలాంటి ఏర్పాటేదీ ఉండదా?"

ఉంది. లేదని బొంకే తెలివి ఆ క్షణంలో ఆమెకి లేకపోయింది.

పిల్లల ముందున్న తెరలన్నీ పక్కగదిలోని ఒక పెద్ద మిషనుకి తగిలించి ఉన్నాయి. ఒక్కొక్కరి పనీ అందులో ఒక్కో సెషనుగా నడుస్తుంది. ఫలానా సెషనుకి ఫలానా అక్షరాలు పంపమని ఆ మిషన్లో ఉన్న ఒక సాఫ్ట్‌వేరుకి చెబితే చాలు, అక్కడి కీబోర్డు మీద ఎవరో కొట్టినట్టే అవి ఆ తెర మీద పడతాయి. ఎంటర్ కూడా పంపొచ్చు. కొట్టిన వేలు ఎవరిదన్నది మిషనుకి అనవసరం. జ్యోతిర్మయి అక్షరం అక్షరం ఆగి ఆగి పడేలా ఏర్పాటు చేసింది. సహజంగా ఉంటుందని మధ్యమధ్య తప్పులు కొట్టి చెరిపించింది కూడా. నాగసతీష్ అనే కుర్రాడి వాటాకి ఆ తప్పులు కాస్త ఎక్కువే పడ్డాయి.

పిల్లలకి నేర్పిందల్లా కీలకి తగలకుండా వేళ్లాడించడం.

"ఒక్క ఎంటరైనా కొట్టనివ్వండి మేడం," అని రత్నం అనే పిల్ల బతిమాలింది.

"వద్దమ్మా, మీ అక్షరాలూ నా అక్షరాలూ కలిసిపోయి గందరగోళం అయిపోద్ది."

మర్నాడు యూనివర్సిటీ నుంచి తనిఖీకి ఆంజనేయప్రసాద్‌గారు వచ్చేరు. జ్యోతిర్మయి పక్కగదిలో తలుపేసుకుని కూర్చుంది. తెరలన్నీ చకచకా నిండుతున్నాయి.

"మీ పిల్లలు కీబోర్డు కేసి చూడనైనా చూడటంలేదే!" అన్నారాయన.

"ఆయ్! అలా అలవాటు చేసేమండి," అన్నారు బంగారయ్యగారు.

అతిథి మర్యాదకి దింపించిన కొబ్బరిబొండాల్లో మూడు పొద్దున్నే నాగసతీష్ కడుపులోకి వెళ్లిపోయాయి. ఇక ఉగ్గబట్టలేక, తన వేళ్లతో ఎలాగూ పనిలేదు కదా అని, వాడు వెనక తలుపులోంచి జారుకున్నాడు. వాడి తెర మాత్రం ఆగలేదు. ఒక తప్పు కొట్టింది, చెరిపింది, సరిచేసి ముందుకి సాగింది.

ఆంజనేయప్రసాద్‌గారు ఆ ఖాళీ కుర్చీ దగ్గర నిలబడిపోయారు.

"ఇక్కడెవరండీ?"

"నాగసతీషండి. బయటికెళ్లేడండి."

"మరి ఈ కొడుతున్నదెవరండీ?"

బంగారయ్యగారు తడుముకోలేదు. "మావాడిది మహా స్పీడండి. వాడు కొట్టేసి వెళ్లిపోయేడు, మిషనే ఇంకా అందుకోలేక అవస్థ పడుతోందండి."

ఆంజనేయప్రసాద్‌గారు ఆ కుర్చీలో కూర్చుని కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు.

పక్కగదిలో జ్యోతిర్మయి తన తెరకేసి చూసింది. నాగసతీష్ సెషనులో తాను పంపని అక్షరాలు పడుతున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: 'ఎవరండీ మీరు?'

ఆమె గబుక్కున అంతా ఆపేసింది. ల్యాబులో తెరలన్నీ ఒక్కసారి నిలిచిపోయాయి. పిల్లలు గమనించలేదు. కదలని తెరల ముందు బుద్ధిగా వేళ్లాడిస్తూనే ఉన్నారు.

కిటికీలోంచి దూకి పారిపోదామా అనుకుంది. ఊచలున్నాయి. చేసేదిలేక ఆ సెషనుకే జవాబు పంపింది: 'జ్యోతిర్మయినండి. ల్యాబ్ టీచర్ని. పక్కగదిలో ఉన్నానండి.' ఇదేం ఆజ్ఞో తనకి తెలీదని మిషను మధ్యలో తెర మీద విసుక్కుంది. ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు.

'పిల్లలకి ఏమొచ్చు?'

'వేళ్లాడించడం వచ్చండి.'

'మీరు నేర్పలేదా?'

'మిషన్లు మొన్ననే దిగేయండి. ఈ సాయంత్రమే వెళ్లిపోతాయండి.'

జవాబు పడేలోపు ఆమె తన ఉద్యోగానికి నీళ్లొదిలేసుకుంది. తరవాత పడింది: 'ఇలా రండి.'

తల దించుకుని వచ్చి నిలబడింది. ఆయన కోప్పడలేదు. "వీళ్లకి మొదటి పాఠం ఇప్పుడు చెప్పండమ్మా. నేనూ వింటాను."

జ్యోతిర్మయి పిల్లల వైపు తిరిగింది. "వేళ్లు కీల మీద పెట్టండర్రా. ఈసారి నిజంగా."

రత్నం భయంభయంగా ఒక కీ నొక్కింది. తెర మీద అక్షరం పడింది. "మేడం, ఇది నాదేనండి! నేనే కొట్టేనండి!" అని కుర్చీలోంచి లేచిపోయింది. ఆ తరవాత ఎవరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. అందరూ తమతమ పేర్లు కొట్టుకుని, పక్కవాళ్ల పేర్లు కూడా కొట్టేస్తున్నారు. జ్యోతిర్మయికి ఏడుపొచ్చినంత పనైంది. రెండేళ్లలో అది ఆమె చెప్పిన మొదటి నిజమైన క్లాసు.

అంతలో నాగసతీష్ చేతులు తుడుచుకుంటూ వచ్చేడు. "సార్, అది నా సీటండి."

"తెలుసు బాబూ. నువ్వు లేకపోయినా బాగానే పనిచేసింది," అన్నారు ఆంజనేయప్రసాద్‌గారు, లేస్తూ.

కంప్యూటర్లు కదలకూడదనీ, మూడు నెలల్లో చెప్పకుండా మళ్లీ వస్తాననీ, అప్పుడు పిల్లలే కొట్టాలనీ రాసి సంతకం పెట్టి ఆయన వెళ్లిపోయారు. బంగారయ్యగారు వ్యానువాడితో ఆ మిషన్లనే పాతసామాను ధరకి బేరమాడి కొనేసి, గొంతు పోగొట్టుకుని వచ్చేరు.

"ఎంతపని చేసేవమ్మా! అడగ్గానే నిజం చెప్పేయడమేనా?"

"ఆయన అంత సూటిగా అడిగితే ఏం చెయ్యనండీ?"

"నాకు టైపింగు రాదని కొట్టి పంపొచ్చుగా!"

జ్యోతిర్మయి నవ్వాపుకోలేక పైట నోటికి అడ్డం పెట్టుకుని ల్యాబులోకి పరిగెత్తింది. అక్కడ కుర్చీల కోసం అప్పుడే కొట్లాట మొదలైంది.