గేటు దగ్గర అరగంట

పాకాల స్టేషను వెనక ఉన్న వేరుశనగ మిల్లులో ఆ ఏడు కొత్తగా ఒక రైలు పట్టా ముక్కను వేలాడదీశారు. నడిపొద్దున దాన్ని కొడితే పని ఆపి అన్నం తినాలి. అరగంటకు మళ్లీ కొడితే చేటల ముందు కూర్చోవాలి.

"కొత్త చట్టమమ్మే," అన్నాడు మేస్త్రీ ఏకాంబరం. "మీరు సంగటి తినేదానికి గూడా సర్కారు ఉత్తరువు కావాల్సొచ్చె!"

పప్పులు ఏరే ఆడవాళ్లంతా నవ్వారు. మునిలక్ష్మి మరీ నవ్వింది. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. బిడ్డల్ని మిల్లు లోపలికి రానివ్వరు గనుక నెలల బిడ్డను అత్త ఆనందమ్మ ఎత్తుకొని మిల్లు గోడ అవతల కానుగ నీడలో పొద్దంతా కూర్చునేది. ఇన్నాళ్లూ ఏడుపు వినబడినప్పుడల్లా మునిలక్ష్మి మేస్త్రీని బతిమాలుకొని, పరుగున పోయి పాలిచ్చి వచ్చేది.

గేటు దాటే ప్రతి మనిషినీ సోదా చేయడం ఆ మిల్లు ఆనవాయితీ. కొంగు దులపాలి. కొప్పు విప్పాలి. కావలి చెంగయ్య పోసిన నీళ్లు పుక్కిలించి ఇసుకలో ఉమ్మాలి. ఉమ్ము తెల్లగా ఉంటే పప్పులు నమిలినట్టు; మర్నాటి నుంచి పని లేదు. ఒక్క మనిషికైతే అది చిటికెలో అయ్యేది.

మొదటి రోజు పట్టా మోగగానే ఇళ్లకు పోయొద్దామని అందరూ ఒక్కసారే గేటు మీద పడ్డారు. చెంగయ్య ఒక్కడే, చెంబు ఒక్కటే. మునిలక్ష్మి వంతు రాకముందే పట్టా మళ్లీ మోగింది. గోడ అవతల బిడ్డ గుక్కపట్టాడు.

ఆమె మేస్త్రీ దగ్గరికి పోయింది.

"ఇప్పుడు యాడికి? అరగంట ఇచ్చినాం గదా. చట్టం దాటితే నన్ను జైల్లో ఏస్తారు మే."

కొన్నాళ్లు తోటివాళ్లు ఆమెను వరసలో ముందుకు పంపారు. తర్వాత వాళ్లలోనే సంతోషమ్మ ఆమె భుజం పట్టి వెనక్కి లాగింది. "నీకొక్కదానికేనా బిడ్డలు? మా ఇంట్లో మంచాన పడిన మనిషి ఉండాడు. వరసలో నిలబడు."

ఒక రోజు తనిఖీ ఆఫీసరు వచ్చాడు. మిల్లు యజమాని షావుకారు పక్కనే నిలబడి ఉండగా, అరగంట ఇస్తున్నారా అని కూలీలను అడిగాడు. ఇస్తున్నారన్నారందరూ. మునిలక్ష్మి తడిసిన రవిక మీద కొంగు కప్పుకొని లేచింది.

"ఇస్తా ఉండారు సామీ. అది గేటుకాడ్నే అయిపోతాది. నోరు పుక్కిలించేలోపల మళ్లా కొడతారు. బిడ్డ బయట ఉండాడు."

ఆఫీసరు షావుకారు వైపు తిరిగాడు. "సోదా విశ్రాంతిలోకి రాదు. అరగంటా పూర్తిగా వాళ్లకే దక్కాలి."

"అట్లే కానీండి," అన్నాడు షావుకారు.

"రేపట్నుంచి వీడు కడుపు నిండా తాగుతాడత్తా," అంది మునిలక్ష్మి ఆ సాయంత్రం.

మర్నాడు మిల్లు ఆవరణలో తాటాకు పందిరి లేచింది. దాని కింద కడవలతో నీళ్లు పెట్టారు. పట్టా మోగింది. గేటుకు తాళం వేసి ఉంది. బయటికి పోయేవాళ్లు లేరు కనుక సోదా కూడా లేదు.

"కూర్చోండమ్మే," అన్నాడు ఏకాంబరం. "ఇంక ఒక్క నిమిషం గూడా వృథా పోదు. అంతా మునిలక్ష్మి పున్యం."

సంతోషమ్మ తన సద్దిగిన్నె తీసుకొని దూరంగా జరిగింది. "నువ్వు నోరు మూసుకోని ఉంటే ఎప్పుడో ఒకసారైనా ఇంటికి పోయొస్తా ఉంటిమి గదే."

గోడ అవతల ఏడుపు మొదలైంది. మునిలక్ష్మి గేటు దాకా పోయింది. చెంగయ్య ఆమె మొహం చూడలేదు. "తాళంచెవి మేస్త్రీ మొలలో ఉండాది తల్లీ."

ఆమె తిరిగి వచ్చి కూర్చుంది. పాలు చేపి, రవిక నడుము దాకా తడిసింది.

ఏడుపు రోజురోజుకూ తగ్గింది. ఆనందమ్మ రాగిజావలో గుడ్డపేలిక ముంచి బిడ్డ నోట్లో పెట్టసాగింది. ఒక సాయంత్రం మునిలక్ష్మి రొమ్ము అందిస్తే వాడు మొహం తిప్పుకున్నాడు. ఆమె పిండి చూసుకుంది. చుక్క రాలేదు.

మర్నాడు పందిరి కింద ఏకాంబరం ఆమె పొడి రవిక వైపు చూశాడు.

"సూడు, కుదుటపడినావు. ఇంక నీకు గేటుతో పనేముండాది?"

మునిలక్ష్మి సద్దిగిన్నె మూత తీసింది. పట్టా మోగేదాకా తింటూ కూర్చుంది.