చూసేవాళ్ళ టికెట్

"మీ అమ్మనడగండి."

మా ఇంట్లో ఏ ప్రశ్న పుట్టినా మా ఆయన నోట వచ్చే జవాబు ఇదే. సాక్సులు ఎక్కడున్నాయి, గ్యాస్ ఎప్పుడొస్తుంది, బుడ్డదానికి దగ్గు మందు ఎంత పొయ్యాలి, అన్నిటికీ అదే. ఆ ఆదివారం పొద్దున నేను సోఫా మీద ఆరిన బట్టల గుట్ట ముందు కూర్చుని దుప్పటి మడత పెడుతుంటే, పిల్లలు ముగ్గురూ ఆ జవాబు పట్టుకుని నా మీదికొచ్చారు. సెలవుల్లో థీమ్ పార్కుకి వెళ్దామని ముందురోజు ఆయన ప్రకటించారు. ప్రకటించడంతో ఆయన పని అయిపోయింది. ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఎవరు ఏం ఎక్కాలి అన్నవి మిగిలిపోయిన చిన్న విషయాలు. మిగిలిపోయినవన్నీ నావి.

పెద్దదానికి పదిహేనేళ్ళు. తలకిందులుగా తిప్పే రోలర్ కోస్టర్ తప్ప ఆ పార్కులో దానికి ఇంకేమీ కనిపించడంలేదు. దాని షరతు ఒక్కటే. చెల్లెలితో బాతు పడవ ఎక్కమని ఎవరూ తనని అడక్కూడదు, ఫ్రెండ్స్ ఎవరైనా చూస్తే అక్కడికక్కడే చచ్చిపోతుందట. నడిపివాడికి పదమూడు. వాడికి నీళ్ళ జారుడుబల్లలు కావాలి, రోలర్ కోస్టర్ కూడా కావాలి, అక్క పక్కన కూర్చోవాలి, కాని కావాలని కూర్చున్నట్టు ఉండకూడదు. అయిదేళ్ళ బుడ్డదానికి బాతు పడవే కావాలి. అదీ అక్క పక్కన ఉంటేనే. ఈ ముగ్గురినీ ఒకే రోజు ఒకేచోట నవ్వించాలి. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు, జవాబు నా నుదుటిమీద రాసి ఉన్నట్టు.

దుప్పటి పక్కన పెట్టి లాప్‌టాప్ తెరిచాను. పార్కు గేటు దగ్గర ఒక గీత ఉంటుందట. తల ఆ గీతని తాకకపోతే పెద్ద రైడ్లకి రానివ్వరు. బుడ్డది దానికి జానెడు కింద ఉంది. అంటే, పెద్ద పిల్లలిద్దరూ పైన తిరుగుతున్నంతసేపూ దానితో ఒకరు కింద ఉండాలి.

"అందులో చిక్కేముంది?" అన్నారాయన పేపరు దించకుండానే. "మీ అమ్మ ఎలాగూ ఏదీ ఎక్కదు, కళ్ళు తిరుగుతాయి. బుడ్డదీ బ్యాగులూ అమ్మ దగ్గరుంటాయి."

"అమ్మ మన క్లోక్ రూమ్" అన్నాడు నడిపివాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జోకు బాగానే ఉంది మరి.

టికెట్లు రెండు రకాలు. అన్నీ ఎక్కడానికి పూర్తి టికెట్. ఏదీ ఎక్కకుండా లోపల తిరగడానికి సగం ధరకి ఇంకోటి, దాని పేరే చూసేవాళ్ళ టికెట్. ఆయనకీ పెద్ద పిల్లలకీ పూర్తివి నొక్కాను. బుడ్డదానికి పిల్లలది. నాకు చూసేవాళ్ళది నొక్కబోయాను. వేలు ఆగింది.

ఎందుకాగిందో నాకు తెలీదు. ఒక పిచ్చి ప్రశ్న వచ్చింది, అంతే. నాకు కళ్ళు తిరుగుతాయని నాకెలా తెలుసు?

లాప్‌టాప్ మూసి మళ్ళీ దుప్పటి అందుకున్నాను. ప్రశ్న మాత్రం మడత పడలేదు. మా పెళ్ళయిన కొత్తలో ఎగ్జిబిషన్‌కి వెళ్ళాం. జెయింట్ వీల్ తొట్టెలో నేను, ఆయన, ఆయన చెల్లెలు. కింద బ్యాగులతో మా అత్తగారు. దిగేసరికి ఒకరు వాంతి చేసుకున్నారు. ఆ ఒకరు నేనే. "ఈమాత్రానికే ఇలా అయిపోతే రేపు సంసారం ఎలా ఈదుతావే తల్లీ" అని అత్తగారు అక్కడే, టికెట్ల వరుసలో నిలబడ్డవాళ్ళందరికీ వినబడేలా అన్నారు. ఆ తర్వాత ఏ చుట్టం వచ్చినా కాఫీతోపాటు ఆ కథ కూడా అందేది. మా కోడలికి ఊయలూగినా పడదు. కొన్నాళ్ళకి నేనే ఆ మాట చెప్పడం మొదలుపెట్టాను, వాళ్ళు చెప్పేలోపు చెప్పేస్తే కాస్త తక్కువ గుచ్చుకుంటుందని. పార్కులో పిల్లల్ని ఊపాను గాని, ఉయ్యాల బల్లమీద ఎప్పుడూ కూర్చోలేదు. బస్సులో ముందు సీటు కోసం కండక్టరుని "మా ఆవిడకి పడదు" అని నా పేరు చెప్పే ఆయన అడుగుతారు. కిటికీ పక్కన మాత్రం ఆయన కూర్చుంటారు. బ్యాగులో నిమ్మకాయ పెట్టుకునేది నేను. దాన్ని వాసన చూసేది ఆయన.

ఇక్కడ ఆగిపోయాను. నిమ్మకాయ ఆయనెందుకు వాసన చూస్తారు?

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఎగ్జిబిషన్ నుంచి వచ్చాక పెరటి కుళాయి దగ్గర నేను ఒక చొక్కా ఉతికాను. లేత నీలం చొక్కా, ముందువైపంతా మరక. వాంతి నాదైతే మరక చొక్కా మీద ఎందుకుంది? ఎదురుగా కూర్చున్నారు కాబట్టి నాది ఆయన మీద పడి ఉంటుందా? అయ్యుండొచ్చు. అసలు ఆ చొక్కా ఆ రోజుదేనా? ఏమో. ఉతికిన చొక్కాలు ఒకటా రెండా. కళ్ళు మూసుకుని ఆ తొట్టెలో నన్ను వెతుక్కున్నాను. ఆయన కనిపించారు, ఆడపడుచు కనిపించింది, ఇనప గొలుసు కూడా కనిపించింది. నేను మాత్రం లేను.

నేను పనిచేసేది చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గర. ముందు గదిలో నా బల్ల. ఫోన్లు, టోకెన్లు, పిల్లల ముక్కుల్లో ఇరుక్కున్న బటాణీ గింజలకి కంగారు పడే తల్లుల్ని కూర్చోబెట్టడం. లోపల డాక్టరుగారు పెద్ద చదువు చదివినాయన, చివర్లో ప్రతి పేషెంటుకీ ఒకే మాట చెబుతారు, "మిగతాది బయట ఆవిడనడగండి." లోపలి గదిలో ఒక తిరిగే కుర్చీ ఉంటుంది. కళ్ళు తిరుగుతున్నాయని వచ్చినవాళ్ళని అందులో కూర్చోబెట్టి, కళ్ళకి కెమెరా ఉన్న అద్దాలు తగిలించి గుండ్రంగా తిప్పుతారు. లోపల కనుగుడ్లు ఎలా కదులుతున్నాయో పక్కనున్న తెరమీద కనిపిస్తుంది. రోజూ ఎంతోమందిని ఆ గదిలోకి పంపాను. నేనెప్పుడూ కూర్చోలేదు. నాకు పడదు కదా.

సోమవారం డాక్టరుగారు భోజనానికి వెళ్ళాక, ఆ కుర్చీ తిప్పే టెక్నీషియన్ అమ్మాయిని అడిగాను, నన్నోసారి తిప్పుతావా అని.

"ఏంటక్కా, ఇంట్లో తిప్పేవాళ్ళు చాలడంలేదా?" అంది నవ్వుతూ. అయినా బెల్టు పెట్టింది, అద్దాలు తగిలించింది. చుట్టూ చీకటి. కుర్చీ మెల్లగా కదిలి వేగం అందుకుంది. వాంతి కోసం ఎదురుచూశాను. గొంతులో ఏదో లేచిన మాట నిజం. అది వాంతి కాదు, నవ్వు. ఎక్కడిదో, ఎందుకో తెలియని నవ్వు. కుర్చీ ఆగినా లోకం ఇంకా కాసేపు తిరుగుతూనే ఉంది.

"కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాను భయంగా.

"తిప్పితే అందరికీ తిరుగుతాయక్కా. తిరగకపోతేనే మేం కంగారు పడేది" అని అద్దాలు తీసింది. "ఇంతకీ నీకేంటి జబ్బు?"

బెల్టు విప్పుకుని లేచాను. నా బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటే ఇంకా అయోమయంగా ఉంది. కుర్చీ వేరు, జెయింట్ వీల్ వేరు. అప్పుడు పడలేదేమో, ఇప్పుడు పడుతుందేమో. మనిషన్నాక మారదా? లేదా ఆ రోజు ఎండకి అలా అయిందేమో. ఒక ఫోను మోగుతుంటే చూస్తూ ఉండిపోయాను. ఆ తొట్టెలో ముగ్గురం ఉన్నాం. ఆయన్ని అడగాలంటే ఏదో బెదురు. నన్ను నేను అడిగి చూశాను, లాభం లేదు. మిగిలింది ఒక్కరే.

ఆడపడుచు చిన్నపిల్లల బళ్ళో టీచరు. అప్పట్లో దానికి మా పెద్దదాని వయసు ఉండేది. సాయంత్రం బస్టాపులో నిలబడి ఫోన్ చేశాను. పార్కు సంగతి, పిల్లల కోరికలు చెప్పి, మాటల మధ్యలో అడిగినట్టు అడిగాను. ఆ రోజు జెయింట్ వీల్‌లో వాంతి చేసుకుంది నేనే కదా?



"వదినా, నిజంగా గుర్తులేదా, నన్ను ఆటపట్టిస్తున్నావా?"

"గుర్తులేదు."

"వాంతి చేసుకున్నది అన్నయ్య. నువ్వు చున్నీతో తుడిచి, దాన్నే చొక్కామీద కప్పేశావు. కిందనుంచి అమ్మ ఎవరికేమైందని అరుస్తుంటే నాకే అత్తయ్యా అన్నావు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి గిల్లావు. నీలం పడింది తెలుసా?" నవ్వబోయి ఆగింది. "ఎంత మంచి వదినో అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు తప్పు పక్కవాళ్ళ మీదికి పోనిచ్చి ఊరుకునే మా బడిపిల్లల్ని చూస్తుంటే అనిపిస్తోంది, అన్నయ్య ఒక్కమాటైనా అనలేదు కదా అని."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"దిగే ముందు నువ్వేం చేశావో అదైనా గుర్తుందా? పైకి వెళ్ళినప్పుడల్లా అరిచావు. భయంతో కాదు వదినా. ఇంకా, ఇంకా అని."

బస్సు వచ్చింది, వెళ్ళింది. నేను ఎక్కలేదు. కోపం రావాలి కదా, రాలేదు. అబద్ధం చెప్పింది నేనే, ఎవరూ చెప్పమనలేదు. కొత్త పెళ్ళికొడుకు పరువు నా చేతుల్లో ఉందనిపించి ఉంటుంది, చెయ్యి చాపి పట్టుకున్నాను. బాగానే ఉంది. కాని ఆ తర్వాత? ఆయన కూడా నాలాగే మరిచిపోయి నిజమని నమ్ముతున్నారా? లేక అన్నీ తెలిసే ఇన్నేళ్ళూ ఆ పేపరు వెనకనుంచి "మీ అమ్మకి పడదు" అంటున్నారా? ఈ రెండిట్లో ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేకపోయాను. మరిచిపోతే, నేను ఇచ్చిందేదో ఎవరికీ అందకుండా పోయినట్టు. మరిచిపోకపోతే, అందుకుని జేబులో వేసుకున్నట్టు. ఇంకో బస్సొచ్చింది. వెనక సీటే దొరికింది. గతుకుల్లో ఎగిరెగిరి పడుతూ, కడుపులో ఏమవుతోందోనని చూసుకుంటూ ఇల్లు చేరాను. ఆకలి వేస్తోంది, అంతే.

భోజనాల దగ్గర లాప్‌టాప్ పక్కన పెట్టుకుని ప్లాను చదివాను. పొద్దున్నే బాతు పడవ, అప్పటికి జనం ఉండరు కాబట్టి పెద్దది చచ్చిపోయే ప్రమాదం తక్కువ. అది చెల్లెలి పక్కన ఒక్కసారి కూర్చుంటే, మధ్యాహ్నమంతా దాని ఇష్టం. ఎండెక్కాక నీళ్ళు. పెద్దది కనుబొమలెగరేసింది గాని కాదనలేదు. నడిపివాడు రోలర్ కోస్టర్ ఎప్పుడని అడిగాడు.

"నీళ్ళ తర్వాత. మీ ఇద్దరితో నేనొస్తాను. నాన్నా బుడ్డదీ కింద ఉంటారు."



"బుడ్డది నా దగ్గర ఉండదే. ఏడుస్తుంది" అన్నారాయన.

"కాసేపు ఏడిచి ఊరుకుంటుంది. నా దగ్గరా అలాగే అలవాటైంది."

"అమ్మా, నీకు పడదు కదా" అంది పెద్దది. వెక్కిరింపు లేదు, నిజంగానే కంగారు పడింది. "పైన ఏమైనా అయితే? నాన్నా, నువ్వు చెప్పు."

నేను ఆయనకేసి చూశాను. నా మనసులో రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. అవును పడదు అంటే, ఆయన మరిచిపోయారు, పోనీలే. నాకేం తెలుసు మీ అమ్మనడుగు అంటే, అదీ మామూలే. ఆయన కంచంలోకి చూస్తూ వేలితో మెతుకులు ఒక పక్కకి జరిపారు.

"అమ్మకేం కాదులే" అన్నారు.

అంత సులువుగా. తలుపు తీసి ఉంది తోసుకో అన్నట్టు. ఏ కుర్చీలోనూ తిరగనంతగా తల తిరిగింది నాకు. గుర్తుంది ఈయనకి. అత్తగారు కాఫీలతో కథ పంచినప్పుడల్లా, క్లోక్ రూమ్ జోకుకి నవ్వినప్పుడల్లా, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడల్లా గుర్తుంది. ఆయన తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ చెవుల్ని చూస్తే జాలేసింది, ఆ జాలిని చూస్తే నామీద నాకు విసుగేసింది. లాప్‌టాప్ నా వైపు తిప్పుకుని, నాకు పూర్తి టికెట్ నొక్కాను. ఆయన టికెట్‌ని చూసేవాళ్ళదిగా మార్చాను.

బుడ్డది ఇదంతా వింటూనే ఉంది. మూతి తుడుచుకుని నన్నడిగింది.

"అమ్మకేం కాదైతే, మరి నాన్న ఎందుకెక్కడు?"

అందరూ మామూలుగా నాకేసి తిరిగారు. ఆయన కూడా. ఆ చూపు నాకు తెలుసు. తొట్టె కిందికి దిగుతుండగా సరిగ్గా అలాగే చూశారని, ఆ క్షణంలో, ఎవరూ చెప్పకుండానే నాకు గుర్తొచ్చింది. జవాబు నోటిదాకా వచ్చింది కూడా. నీకు తోడుగా ఉండాలి కదమ్మా, అని.

మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను. నెమ్మదిగా తాగాను. కింద పెట్టాను.

"మీ నాన్ననడుగు" అన్నాను.